వెనక వైపర్ కోసం టాప్ వేరియంట్‌కి వెళ్ళాలా?

బెజవాడ_బండి:
అందరికీ నమస్తే. పదేళ్ళు సెడాన్ నడిపా, వెనక వైపర్ లేదే అని ఒక్కరోజు కూడా అనిపించలా. ఇప్పుడు హ్యాచ్‌బ్యాక్ చూస్తుంటే మిడ్ వేరియంట్‌లో అది లేదంట, టాప్‌కి వెళ్తేనే ఇస్తారంట, తేడా లక్ష దాకా పడుతుంది. షోరూం కుర్రాడేమో "రివర్స్ కెమెరా ఉందిగా సార్, వెనక అద్దంతో పనేముంది" అంటాడు, మా బావేమో వైపర్ లేని హ్యాచ్‌బ్యాక్ కొంటే వానాకాలం వచ్చాక నన్నే తలుచుకుంటావ్ అంటాడు. వారానికోసారి హైదరాబాద్ వెళ్ళొస్తా, ఎప్పుడన్నా అరకు. సెడాన్‌కి అక్కర్లేనిది దీనికెందుకో అర్థం కావట్లా, వాన అన్నిటి మీదా ఒకేలా పడుద్దిగా?

గేర్‌బాక్స్_గిరి:
వాన ఒకేలా పడుద్ది బ్రో, కానీ వెనక అద్దం పాడయ్యేది పైనుంచి పడే వానతో కాదు, కింద మన టైర్లు ఎగజిమ్మే బురద నీళ్ళతో. సెడాన్‌కి అద్దం ఏటవాలుగా ఉంటది, రూఫ్ మీదుగా వచ్చిన గాలి దాన్ని రాసుకుంటూ డిక్కీ మీదకి జారిపోద్ది, కాస్త స్పీడ్ అందుకుంటే బొట్లు వాటంతటవే పోతాయి. హ్యాచ్‌బ్యాక్‌కీ ఎస్‌యూవీకీ రూఫ్ అయిపోయిన చోట నిలువు గోడే కదా, గాలి అక్కడ తెగిపోయి బండి వెనకాల సుడి తిరుగుద్ది, ఆ సుడే కింది తుంపరని పైకి లాగి అద్దానికి పూస్తది. స్పీడ్ పెంచితే శుభ్రం అవడం మాట అటుంచి ఇంకాస్త పట్టుద్ది. స్విఫ్ట్, డిజైర్ చూడు, అన్నదమ్ముల్లాంటి బండ్లు, స్విఫ్ట్ పై వేరియంట్లలో వెనక వైపర్ ఉంటది, డిజైర్‌లో ఎంత పైది కొన్నా ఉండదు.
కెమెరా సంగతంటావా, అది రివర్స్ వేసినప్పుడేగా కనిపించేది, పైగా దాని లెన్స్ మీదా అదే బురద.

సూర్యాపేట_సవారి:
అన్నా, మాది ఏడు సీట్ల బండి, కిరాయిలకు నడుపుత. నన్నడిగితే వానకన్న దుమ్ముకే వైపర్ ఎక్కువ అక్కరకొస్తది. ఊర్లల్ల మట్టిరోడ్డు మీద రెండు కిలోమీటర్లు పో, వెనక అద్దం మీద పసుపు కుంకుమ కలిపి చల్లినట్టే ఉంటది. వాషర్ నీళ్ళు కొట్టి రెండుసార్లు తిప్పితే విసనకర్ర అంత జాగ సాఫ్ అయితది, హైవే ఎక్కినంక వెనక లారీ ఎంత దూరంల ఉందో చూస్కోనీకె గంత చాలు. నీళ్ళు కొట్టకుండ మాత్రం ఉత్తగ తిప్పకు, ఇసుక రేణువులు బ్లేడ్ కింద పడి గాజు మీద గీతలు పడ్తయ్, నా బండికి నడుమల ఇంద్రధనస్సు లెక్క గీత ఉన్నది గిప్పటికీ.

బెజవాడ_బండి:
థాంక్స్ అన్నా, ఇప్పుడర్థమైంది. మరి మిడ్ వేరియంట్ కొనేసి బయట వైపర్ పెట్టించుకుంటే ఎలా ఉంటుంది?

అనకాపల్లి_ఎక్స్‌ప్రెస్:
ఆ పని నేను చేసి చేతులు కాల్చుకున్నా గురూ. మోటార్ డిక్కీ తలుపులో పెట్టాలి, కన్నం కొట్టాలి, ముందు బానెట్ కింద ఉండే వాషర్ నీళ్ళ పైపు బండి చివరిదాకా లాగాలి, స్టీరింగ్ పక్కన కాడకి స్విచ్ ఉండదు కాబట్టి విడిగా ఓ బటన్. కన్నం చుట్టూ రబ్బరు సరిగ్గా కూర్చోక మొదటి వానకే నీళ్ళు లోపలికి దిగి స్టెప్నీ దగ్గర మడుగు కట్టింది, పైగా వైరింగ్ కోశారని వారంటీ దగ్గర పేచీ. వద్దు.
అరకు ఘాట్ అన్నావ్ కాబట్టి ఇంకోటి, డీఫాగర్ ఉందో లేదో కూడా చూడు. అద్దంలో సన్నగా గీతలు కనిపిస్తాయే, అవి వేడెక్కి లోపల పట్టిన ఆవిరిని పోగొడతాయి, బయట మంచు తడికీ బురదకీ వైపర్. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోకు.

మిషిగన్_మావయ్య:
ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మా ఎస్‌యూవీ ఆఫీసుకి వెళ్ళేలోపే వెనకాల అప్పడాల పిండి పూసినట్టు అయిపోద్ది, వైపర్ లేకపోతే గుడ్డి ప్రయాణమే. అద్దం ఏటవాలుగా ఉంటే చాల్లే అని కూడా గుడ్డిగా నమ్మొద్దు. హ్యుందాయ్ అయోనిక్ 5 మొదట వెనక వైపర్ లేకుండా వచ్చింది, కొన్నవాళ్ళు గోల గోల చేశారు, ఇక్కడ 2025 మోడల్ నుంచి పెట్టారు. టెస్లా మోడల్ వైకి లేదు, మా పక్కింటాయన డిక్కీలో ఓ పాత టవల్ పెట్టుకుని తిరుగుతాడు.

బెజవాడ_బండి:
మా బావకి ఫోన్ చేసి నువ్వే కరెక్ట్ అని చెప్పా, ఇక వచ్చే సంక్రాంతి దాకా వదలడు నన్ను. టాప్‌కే వెళ్తున్నా, సీట్ కవర్లు తర్వాత చూసుకుంటా.

సూర్యాపేట_సవారి:
మంచిగుంది. వెనక బ్లేడ్ ఎవ్వరు మార్చరన్నా, ఎండకు ఉండి ఉండి రబ్బరు కట్టె లెక్క అయితది, తొలకరికి తిప్పితే పేడ అలికినట్టు అలుకుతది. జూన్ రాకముందే ఒకసారి తిప్పి చూస్కో. బ్రష్షులు తిరిగే కార్ వాష్‌కి ఇస్తే గా ఆర్మ్ విరగకుండ చూస్కొమ్మని ముందే చెప్పు.