పాత గోడౌన్‌లో లాఫ్ట్ ఫ్లాట్లు, వైజాగ్‌లో ఎలా అమ్మాలి?

వన్‌టౌన్ కుర్రాడు: పాతబస్తీలో మా బాబాయి, నేను కలిసి ఓ పాత గోడౌన్‌ని 14 లాఫ్ట్ ఫ్లాట్లుగా మార్చాం. పదహారడుగుల ఎత్తు, గానుగ సున్నం గోడలు, బర్మా టేకు దూలాలు. రెరా (ఇళ్ల ప్రాజెక్టుల్ని నమోదు చేసే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) నంబరు వచ్చాకే ప్రకటన వేశాం. ఫోన్లైతే వస్తున్నాయి, కానీ సగం మంది అడిగేది ఒకటే, "లాఫ్ట్ అంటే అటకే కదండీ, అటకెక్కి పడుకోవాలా?" డిజైన్ మీద ఇష్టమున్న సిరిపురం, ఎంవీపీ కాలనీ జనాన్ని ఇటు రప్పించడం ఎలా?

ఉప్పుగాలి: ముందు ఆ మాట తీసేయండి బాబూ. న్యూయార్క్ సోహోలో 1960ల్లో లాఫ్ట్ అనే ఖాళీ ఫ్యాక్టరీ అంతస్తుల్లో చిత్రకారులు చేరారు కాబట్టి అక్కడ దానికో కథ ఉంది, మన ఇళ్లలో లాఫ్ట్ అంటే ఇత్తడి గుండిగలు దాచే చోటు. "గోడౌన్ ఇల్లు" అనండి.

గీతలమ్మాయి: నేను ఆర్కిటెక్ట్‌ని, ఇలాంటిదే కొనబోయి వెనక్కొచ్చాను. బ్రోషర్లో ఎర్ర ఇటుక గోడ అద్భుతంగా ఉంది, తీరా వెళ్లి తడితే డొల్ల చప్పుడు, అంచు దగ్గర గోరు పెడితే ఇటుక డిజైన్ టైల్ అని తేలింది! అసలు గోడ వెనకాలే ఉందట, ఉప్పు తేలిందని కప్పేశారు. ఆ ఉప్పు మరకే చూపించి, ఏం మందు వేశారో చెప్పుంటే అడ్వాన్స్ ఇచ్చేదాన్నేమో. మాలాంటివాళ్లు త్రీడీ బొమ్మలు నమ్మరండీ. పైగా తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోతే రెరా చట్టం 12వ సెక్షన్ కింద డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

ఉప్పుగాలి: అవును. ఇనప రెయిలింగ్ తుప్పు పట్టకుండా ఏం చేశారు, అంత ఎత్తు గదికి ఏసీ ఎన్ని టన్నులు, 2014 హుద్‌హుద్ తుపానుకి పైకప్పు ఏమైంది, ఈ మూడూ నేనైతే తప్పకుండా అడుగుతా.

బీచ్‌రోడ్ బావ: కొనేది కొడుకైనా సంతకానికి ముందు నాన్నగారొస్తారు, ఫోన్లో దిక్సూచి తీసి ఈశాన్యంలో బాత్రూమ్ ఉందా అని చూస్తారు. ప్లాన్ మీద దిక్కులు స్పష్టంగా వేయించు తమ్ముడూ. ఇంకోటి, సాయంత్రం చూపించొద్దు. తూర్పు కిటికీల్లోంచి ఎండ దూలాల మీద పడే వేళకి రమ్మను, కాఫీ పెట్టు.

వన్‌టౌన్ కుర్రాడు: సరే, ఆదివారం పొద్దున్న ఆరున్నరకి రమ్మంటాను. ఉప్పు తేలిన గోడ ఒకటి మాకూ ఉంది, రంగు వేయకుండా అలాగే ఉంచుతా. ఒకటే చిక్కు, బాబాయి అయిదొందల బ్రోషర్లు అచ్చు వేయించేశాడు, అన్నింటి మీదా పెద్దక్షరాలతో లాఫ్ట్ అనే ఉంది.