‘మళ్లీ ఆడు’ నొక్కగానే తీరు మారిపోతున్న క్విజ్ యాప్: కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (గణిత ఉపాధ్యాయిని, గాజువాక)

అందరికీ నమస్కారం. మా తొమ్మిదో తరగతి పిల్లలు జట్లుగా, బ్లాకులనే ఆదేశాల ముక్కలను జతచేసి ఫోను యాప్ తయారు చేసుకునే యాప్ ఇన్వెంటరులో, విశాఖపట్నం గురించి పది ప్రశ్నల క్విజ్ తయారు చేశారు. మొదటిసారి చక్కగా నడిచే ఆ యాప్, ‘మళ్లీ ఆడు’ నొక్కితే ఒక్కోసారి నాలుగు ప్రశ్నలకే ముగుస్తోంది, ఒక్కోసారి మొదలు కాకుండానే జాబితాలో లేని అంశాన్ని అడిగారంటూ ఎర్రర్ చూపిస్తోంది. పూర్తిగా మూసి తెరిస్తే మాత్రం మళ్లీ బాగుపడుతోంది. ఇంతవరకు ఆడనే ఆడని జట్టుకు అత్యధిక స్కోరు 80 అని కనిపిస్తోంది. కురుసుర జలాంతర్గామి నౌకాదళంలో చేరిన 1969, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడిన 1926 వంటి జవాబులు ఏ ఫోనులోనూ తప్పు కాలేదు. అదే కురుసుర ఇప్పుడు ఏ తీరాన ఉందన్న ప్రశ్నకు ‘రామకృష్ణా బీచ్’ అని సరిగా టైపు చేసినా కొన్ని ఫోనుల్లో తప్పంటోంది. ఫోన్లే మంచివి కావని పిల్లలు నిరుత్సాహపడుతున్నారు. వాళ్ల శ్రమ వృథా కాకూడదని నా తపన.

జవాబు (ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ)

టీచర్ గారూ, మూసి తెరిస్తే బాగుపడుతోందన్న మీ మాటలోనే ఆధారం దొరికింది. అడిగిన ప్రశ్న మళ్లీ రాకుండా దాన్ని ‘మిగిలినవి’ వంటి జాబితాలోంచి తీసేస్తూ, కొత్త ఆట మొదలైనప్పుడు ఆ జాబితాకు అసలు ప్రశ్నల జాబితాను మళ్లీ ఇస్తూ ఉండి ఉంటారు. అలా ఇచ్చినప్పుడు యాప్ ఇన్వెంటరులో రెండో జాబితా పుట్టదు, ఒకే జాబితాకు రెండు పేర్లు ఏర్పడతాయి. అందువల్ల ఒక పేరుతో తీసేసిన ప్రశ్న రెండో పేరులోంచి కూడా పోతుంది. ఆరు ప్రశ్నల దగ్గర సమయం అయిపోతే తరువాతి ఆటకు నాలుగే మిగులుతాయి, పదీ పూర్తయితే జాబితా ఖాళీ అయి ఎర్రర్ వస్తుంది. ఒక్కోసారి ఒక్కోలా అనిపించడానికి కారణం ముందటి ఆట ఎక్కడ ఆగిందన్నదే. జాబితాను నకలు తీసే ‘కాపీ లిస్ట్’ బ్లాకును మధ్యలో పెట్టించండి. నేను మొదటి సంవత్సరంలో ఇదే పొరపాటుతో రెండు రోజులు పోగొట్టుకున్నాను.

జవాబు (కంప్యూటర్ ఉపాధ్యాయుడు, గోపాలపట్నం)

స్కోరు సంగతి వేరు. తయారీలో ఉన్న యాప్‌ను ఫోనులో నడిపి చూపే కంపానియన్ ద్వారా పరీక్షించేటప్పుడు ఆ ఫోనులో నడిచే ప్రాజెక్టులన్నీ ఒకే టైనీడీబీని (ఫోనులో విలువలను దాచే చోటును) పంచుకుంటాయి కనుక, రెండు జట్లు ‘స్కోరు’ అనే ఒకే ట్యాగు (దాచిన విలువకు పెట్టే పేరు) వాడితే ఒకరి అంకె మరొకరికి కనిపిస్తుంది. ఏపీకే (ఫోనులో నేరుగా పెట్టుకునే యాప్ ఫైలు) చేసి ఇన్‌స్టాల్ చేస్తే ఈ కలగలుపు ఉండదు. అయితే అప్పుడు కొత్త ఫోనులో ఆ ట్యాగుకు విలువే ఉండదు, అంకెకు బదులు వచ్చిన ఖాళీ టెక్స్ట్‌ను కూడబోయి యాప్ ఆగిపోతుంది. ట్యాగు లేనప్పుడు ఇవ్వవలసిన విలువ దగ్గర 0 ఉంచడం మరవకండి.

జవాబు (తెలుగు టైపింగు తెలిసినవాడిని, సీతమ్మధార)

అంకెలు తప్పడం లేదు, తెలుగు మాటే తప్పుతోందంటే కీబోర్డును చూడవలసిందే. పొల్లుతో ముగిసే మాట చివర కంటికి కనబడని ఒక గుర్తు చేరే వీలుంది, సూచనల్లోంచి మాటను ఎంచుకుంటే వెనుక ఖాళీ కూడా పడుతుంది. ఖాళీని ‘ట్రిమ్’ బ్లాకు తీసేస్తుంది, ఆ గుర్తును తీయదు. ‘బీచ్’ అన్న మాట ఒక్కదాన్నే టైపు చేయించి, ట్రిమ్ చేసి, పొడవు చూపించండి: బ, దీర్ఘం, చ, పొల్లు కలిపి 4 రావాలి. 5 వస్తే ఆ గుర్తు ఉన్నట్టే.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

మీ అందరికీ పిల్లల తరఫున కృతజ్ఞతలు. నకలు బ్లాకు పెట్టాక, సమయం ముగిసేలా ఒకసారి, పదీ పూర్తిచేసి ఒకసారి, మధ్యలో వదిలేసి ఒకసారి ఆడించి చూశాం. ప్రతిసారీ పది ప్రశ్నలూ వచ్చాయి. జట్ల ట్యాగులకు వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. ఒక ఫోనులో పొడవు నిజంగానే 5 వచ్చింది, అందుచేత ఆ ప్రశ్నకు టైపు చేయడం మాన్పించి నాలుగు ఎంపికల బటన్లు పెట్టారు. అంతలో ఒక అమ్మాయి బటనును రెండుసార్లు వేగంగా నొక్కితే ఒకే జవాబుకు మార్కులు రెండుసార్లు పడుతున్నాయని తానే కనిపెట్టి, మొదటి నొక్కుకే బటను పనిచేయకుండా ఆపి, తరువాతి ప్రశ్న రాగానే మళ్లీ తెరిచేలా బ్లాకులు అమర్చింది.