మెథడ్ మారింది, రేటు ఎందుకు మారలేదు?

ప్రశ్న: జావాలో ఖాతా క్లాసు నుంచి పొదుపుఖాతా అనే ఉపక్లాసు తీశాను. రేటు అనే ఫీల్డు రెండింటిలోనూ ఉంది: మొదటిదానిలో 0, రెండోదానిలో 4. ఖాతా రకం వేరియబుల్‌లో పొదుపుఖాతా ఆబ్జెక్టును పెడితే, వడ్డీ మెథడ్ పొదుపుఖాతాదే నడుస్తోంది. రేటు అడిగితే మాత్రం 0 అంటోంది! ఆబ్జెక్టు ఒకటే కదండీ?

జవాబు: ఒకటే, కానీ అందులో రెండు రేట్లూ ఉన్నాయి. జావాలో పాలిమార్ఫిజం, అంటే అసలు ఆబ్జెక్టును బట్టి ప్రవర్తన మారడం, మెథడ్లకే. ఏ ఫీల్డో వేరియబుల్ రకాన్ని చూసి కంపైలర్ ముందే తేల్చేస్తుంది. ఓవర్‌రైడ్ చేసిన (ఉపక్లాసులో తిరగరాసిన) మెథడ్ సంగతి ప్రోగ్రాం నడిచేటప్పుడు అసలు ఆబ్జెక్టును బట్టి తేలుతుంది. రేటును ప్రైవేటు చేసి, దాన్ని ఇచ్చే మెథడ్ రాయండి. ఒకే పేరుతో రెండు ఫీల్డులున్న కోడ్ నా దగ్గరికొస్తే తిప్పి పంపేస్తాను.

ప్రశ్న: ఆబ్జెక్టుకు కాక క్లాసుకే చెందే స్టాటిక్ మెథడ్ల మాటేమిటి?

జవాబు: వాటికీ ఆ భాగ్యం లేదు. స్టాటిక్ మెథడ్ పైన ఓవర్‌రైడ్ గుర్తు (@Override) పెట్టి చూడండి, కంపైలరే ఒప్పుకోదు.

మరొకరు: సీ ప్లస్ ప్లస్‌లో ఇలా ఆబ్జెక్టును బట్టి తేలాలంటే మామూలు మెథడ్‌కైనా బేస్ క్లాసులో (ఇక్కడ ఖాతాలో) వర్చువల్ అని రాయాల్సిందే.