ఉప్పు బావి మీద నెల రోజుల పాఠం

సైన్స్ టీచర్, ఇందుకూరుపేట మండలం:
మా తొమ్మిదో తరగతిలో సగం మంది పిల్లల ఇళ్లు రొయ్యల గుంటల పక్కనే. వాళ్ల అవ్వలు తాగిన బావి నీళ్లు ఇప్పుడు ఉప్పుకశం. ఆ ఒక్క బావి మీదే సైన్సు, లెక్కలు, సోషల్, తెలుగు కలిపి నెల రోజులు పాఠం చెప్పాలని నా ఆశ. ఎక్కడ మొదలుపెట్టను?

లెక్కల మాస్టారు, కావలి:
మేడమ్, ముందు ఉప్పు తూయించండి. లీటరు నీళ్లు మరగబెట్టి ఇంకిస్తే అడుగున మిగిలిందే లెక్క. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాములు ఉంటుంది. ఊళ్లో పది బావులు చూసి, గుంటల నుంచి దూరం అడ్డంగా, ఉప్పు నిలువుగా గ్రాఫ్ గీయించండి. ఉప్పు గుంటల నుంచే వచ్చిందని మాత్రం మీరు ముందే చెప్పకండి. తీరంలో బోర్లు విపరీతంగా తోడినా సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొస్తుంది. ఏది కారణమో పిల్లలే వాదించుకోవాలి.

సోషల్ టీచర్, నెల్లూరు:
తీరంలో రొయ్యల సాగుపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో చట్టం వచ్చాయి. చదివించండి. తెలుగుకైతే మొలగొలుకుల వరి పండించిన ముసలివాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి.

రొయ్యల రైతు, మైపాడు దగ్గర:
అమ్మా, మమ్మల్నీ అడగండి. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఊపిరి పీలుస్తది, అందుకే తెల్లారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చూడను మా అబ్బోడు మూడింటికే లేస్తాడు. వాడూ తొమ్మిదో తరగతే. ఆక్సిజన్ కొలిచే మీటరు నేనే తెచ్చిస్తా.