నల్లగొండ స్టేషన్ ముందు పాత డీజిల్ ఇంజిన్ పెట్టమని అడగాలా, ఫోటోలు చాలా?

డామరచర్ల లూప్‌లైన్ (చర్చ మొదలుపెట్టినవారు)

బీబీనగర్–నడికుడి లైన్ మీద డీజిల్ ఇంజిన్లు తిరిగిన రోజుల్లో తీసిన నా ఫోటోలను స్టేషన్లవారీగా సర్దుతున్నాను. రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురం దగ్గర కృష్ణా వంతెన. దాదాపు అన్నీ ఆల్కో జాతి బండ్లే. డబ్ల్యూడీఎం-2, దాని తర్వాతి తరం 3ఏ, 3డీ, సిమెంటు గూడ్సుల ముందు డబ్ల్యూడీజీ-3ఏ. ప్రతి ఫోటో కింద ఇంజిన్ నంబరు, షెడ్డు, చివరికి దాని గతి ఏమైందో రాస్తున్నాను. రాస్తూ పోతుంటే 'కండెమ్' (అంటే ఇక పనికిరాదని పక్కన పెట్టింది), 'కండెమ్', 'వేలంలో స్క్రాప్' అనే వరసగా పడుతోంది.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. మొదటి బండ్లు 1962లో అక్కడి నుంచే దిగుమతి అయ్యాయి. 1964 జనవరిలో వారణాసిలోని డీజిల్ ఇంజిన్ల ఫ్యాక్టరీ డీఎల్‌డబ్ల్యూ నుంచి మన తయారీ ఇంజిన్ బయటికి వచ్చింది. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, దాదాపు 113 టన్నులు. 1990ల చివరిదాకా అదే మోడల్ చేస్తూ పోయారు.

మన లైన్‌కు 1974లో శంకుస్థాపన జరిగింది. ముక్కలు ముక్కలుగా సాగి 1989కి నడికుడి దాకా పూర్తయింది. నారాయణాద్రి అయినా, విశాఖ అయినా, ఫలక్‌నుమా అయినా కరెంటు తీగలు వచ్చేదాకా ముందు తగిలించింది డీజిలే. వేరే ఊళ్ళలో స్టేషన్ ముందు ఆవిరి ఇంజిన్ పెడతారు. నల్లగొండలో ఆవిరి ఇంజిన్ పెడితే అది ఎవరి జ్ఞాపకం? అందుకే ఒక ఆల్కో ఇంజిన్ ఇవ్వమని రైల్వేకు ఉత్తరం రాద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

పాలమూరు ప్యాసింజర్

అన్నా, ఫోటోలు చూసిన, మస్తుగున్నయ్. వంతెన మీద పొగ గాలికి ఒక పక్కకు వాలిన ఫోటో అయితే డౌన్‌లోడ్ కూడా చేసుకున్న. కానీ ఉత్తరం సంగతి ఒప్పుకోను.

స్టేషన్ ముందు ఇంజిన్ పెడతారు, రిబ్బన్ కట్ చేస్తారు, రెండేళ్ళు బాగుంటుంది. తర్వాత ఎవరికో ఏదో రంగు తోస్తుంది, గులాబీ రంగో ఆకుపచ్చ రంగో కొట్టేస్తారు. అద్దాలు పగులుతయ్. హుడ్ (ఇంజిన్ మీది రేకు తొడుగు) తలుపు తుప్పు పట్టి ఊడుతది. క్యాబ్‌లోకి పోరగాళ్ళు ఎక్కి సిగరెట్లు తాగుతరు. లోపల రాగి అనేది ఒక్క గ్రాము మిగలదు. అది చూసి "మన డీజిల్ చరిత్ర" అనుకోవాల్నా? దానికంటే నీ ఫోటోలే నయం. అందులో ఇంజిన్ పనిలో ఉంది, నంబరు కనబడుతోంది, వెనక బోగీలున్నయ్.

ఇంకో మాట. పెట్టాలనే అనుకుంటే ముందు హక్కు మాది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్–ద్రోణాచలం అంతా 1990ల దాకా మీటర్ గేజ్. ఆ పట్టాల మీద తిరిగిన వైడీఎం-4 డీజిల్ ఇంజిన్ ఎక్కడైనా కనబడుతుందా? మీకు కనీసం ఫోటోలున్నయ్, మాకు అవి కూడా లేవు.

కరెంటు తీగ

నాకు ఈ గోల అర్థం కావడం లేదు. ఒక్క డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజిన్ అంటే 6,350 హార్స్‌పవర్. మీ డబ్ల్యూడీఎం-2లు రెండు జత కట్టినా 5,200. పొగ లేదు, డీజిల్ దిగుమతి ఖర్చు లేదు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్‌కు అదే ఏడాది ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం వచ్చింది. ముందుకు పోతున్న లైన్‌కు వెనక్కి చూసే బొమ్మ ఎందుకు?

నాచ్ ఎనిమిది

నేను రిటైర్డ్ లోకో పైలట్‌ని. మా రోజుల్లో డ్రైవర్ అనేవారు, ఆ మాటే నాకు అలవాటు. కరెంటు తీగ తమ్ముడు చెప్పిన అంకెలు సరైనవే. నన్నడిగితే ఎలక్ట్రిక్ బండే సుఖం. మే నెలలో మిర్యాలగూడ దగ్గర ఆల్కో క్యాబ్‌లో కూర్చున్నవాడెవడూ ఆ వేడిని ముద్దు చేయడు. వెనక ఇంజిన్ రూమ్ వేడి, ముందు ఎండ, చెవిలో టర్బో (ఇంజిన్‌లోకి గాలి తోసే యంత్రం) కూత. మాలో చాలామందికి వినికిడి తగ్గింది.

అయితే ఫోటో చూసి నల్లపొగ వదిలే చెత్త బండి అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. విష్ణుపురంలో సిమెంటు లోడ్ కట్టి బండి లేపాలంటే ఏం చేసేవాళ్ళమంటే, ముందు ఎస్‌ఏ-9 (ఇంజిన్ బ్రేక్) వదలకుండా ఒకటో నాచ్ (పవర్ పెంచే హ్యాండిల్ మెట్టు) తీసి, లోడ్ అమ్మీటర్ ముల్లు లేచిందో లేదో చూసుకుని, మెల్లగా బ్రేక్ వదిలేవాళ్ళం. కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ వెనక్కి పోతుంటే ఆ కుదుపు సీటు కింద తెలిసేది. తొందరపడి నాలుగో నాచ్ తీశామా, చక్రం జారేది, బజర్ మోగేది, ఇసుక వేయాల్సి వచ్చేది. నాచ్ పెంచగానే సిలిండర్లకు ఆయిల్ వెళ్తుంది, టర్బో మాత్రం వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ మధ్యలో గాలి చాలక కాలని ఆయిలే ఆ నల్లపొగ. మీరు అందంగా ఉందని ఫోటో తీసే క్షణం మాకు అమ్మీటర్ మీదనుంచి కన్ను తీయడానికి వీల్లేని క్షణం.

లాంగ్ హుడ్ (క్యాబ్‌కు ఒక పక్కనుండే పొడవాటి భాగం) ముందుకు పెట్టి నడిపితే ఇంకో బాధ. ముందంతా ఇంజిన్ గదే. వంకలో అటువైపు సిగ్నల్ అసిస్టెంట్ చూసి అరిచి చెప్పాలి, ఇటువైపుది నేను చెప్పాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్టేషన్ ముందు నిలబెట్టిన ఇంజిన్‌లో ఇవేవీ ఉండవు. ఫోటోలోనూ ఉండవు. బతికున్న డ్రైవర్లను, ఫిట్టర్లను కూర్చోబెట్టి రికార్డు చేయండి. నా ఓటు దానికి.

వర్క్‌షాప్ లెక్క

డామరచర్ల గారూ, మీ 'గతి' కాలమ్ మీద నాకు అభ్యంతరం ఉంది. ఇంజిన్‌ను మనిషిలాగా పుట్టుక, చావు అని రాస్తున్నారు. లోకో అలా ఉండదు. రిపేరు షెడ్యూల్‌కు వచ్చినప్పుడు బోగీలు (పెట్టెలు కాదు, చక్రాలుండే అడుగు చట్రాలు) ఒకదాని కిందివి తీసి ఇంకోదానికి పెడతారు. చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లు స్టాక్‌లోంచి వస్తాయి, స్టాక్‌లోకి పోతాయి. పవర్ ప్యాక్ (లోపలి డీజిల్ ఇంజిన్, జనరేటర్ జత) మారుతుంది. ఇరవై ఏళ్ళు పనిచేసిన బండిలో మొదటిరోజు నుంచి ఉన్నవంటే అండర్‌ఫ్రేమ్, నంబరు, కొంత తొడుగు. మీరు 'కండెమ్' అని రాసిన రోజుకు దాని మోటార్లు ఇంకో నాలుగు బండ్ల కింద తిరుగుతూ ఉండొచ్చు. పనికొచ్చేవన్నీ షెడ్డువాళ్ళు విప్పుకున్నాకే మిగిలిన డొల్ల వేలానికి పోయేది.

పటియాలా సంగతి చూడండి. 1981లో పెట్టిన డీజిల్ ఇంజిన్ల వర్క్‌షాప్ డీసీడబ్ల్యూలో పాత డబ్ల్యూడీఎం-2ను విప్పి, 3,100 హార్స్‌పవర్ 3ఏగా మార్చి, పాత నంబరు చివర 'ఆర్' తగిలించి పంపేవారు. అది పాత బండా, కొత్త బండా? మీ ఫోటోల్లో ముందూ తర్వాతా రెండూ ఉంటే, దాన్ని ఒకే ఇంజిన్‌గా లెక్కవేశారా, రెండుగానా?

డామరచర్ల లూప్‌లైన్

వర్క్‌షాప్ గారికి: ఒకటిగానే. నంబరు ఒకటే కాబట్టి ఒకే పేజీ, రెండు ఫోటోలు, మధ్యలో రీబిల్డ్ అయిన సంగతి. మోటార్లు ఎటు పోయాయో నాకు ఎవరూ చెప్పరు, అవి బయటినుంచి ఫోటో తీస్తే కనబడవు కూడా. కానీ నంబరును వదిలేస్తే ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. వంతెన మీద నేను చూసింది ఆ నంబరున్న బండినే. మీ అభ్యంతరంలో ఒకటి తీసుకుంటాను: 'గతి' అని ఒక్క మాట రాసే బదులు రీబిల్డ్, చివరిసారి కనబడిన చోటు, కండెమ్ అని విడివిడిగా పెడతాను.

గతులన్నీ గ్యాస్ కట్టర్ దగ్గరే ఆగలేదు. 2020 జులైలో మనదేశం బంగ్లాదేశ్‌కు పది బ్రాడ్‌గేజ్ డీజిల్ ఇంజిన్లు ఇచ్చింది, 2023లో ఇంకో ఇరవై. డీఎల్‌డబ్ల్యూ వాళ్ళయితే రెండు డీజిల్ బండ్లను కలిపి 10,000 హార్స్‌పవర్ జంట ఎలక్ట్రిక్‌గా మార్చారు, 2019 ఫిబ్రవరిలో జెండా ఊపారు. పాలమూరు అన్నకు ఓదార్పు: మీ వైడీఎం-4 తరం బండ్లు కొన్ని మలేసియా, టాంజానియా దాకా వెళ్ళి పనిచేశాయి.

కరెంటు తీగ తమ్మీ, ఎలక్ట్రిక్ వద్దని ఎవరన్నారు? ఫోటోగ్రాఫర్‌గా నాకు స్తంభాలు అడ్డం వస్తాయి, అంతే. బండి టైమ్‌కు వస్తే అదే చాలు.

గద్వాల జంక్షన్

నేను టీచర్‌ని. రాయచూరు లైన్ వచ్చాక మా ఊరికి జంక్షన్ అనే హోదా వచ్చింది, అందుకే ఈ పేరు.

నాచ్ ఎనిమిది సార్ చెప్పింది చదివాక ఇంజిన్ పెట్టడమే మంచిదని నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది. ఆ క్యాబ్ ఎంత ఇరుకో, ముందు హుడ్ ఎంత పొడవో ఎక్కి చూస్తే తప్ప పిల్లలకు తెలియదు. 17 మీటర్ల పైచిలుకు ఇంజిన్ ఫోన్ స్క్రీన్ మీద బొటనవేలంత కనబడుతుంది. క్యాబ్‌లో రెండు కంట్రోల్ స్టాండులు ఎందుకున్నాయి, బండి ఏ వైపు పోతే డ్రైవర్ ఎటు కూర్చుంటాడు అని ఒక్క పిల్ల అడిగినా నాకు పాఠం దొరికినట్టే.

పాలమూరు అన్న భయం నిజమే. కానీ దొంగతనం జరుగుతుందని స్కూల్లో కంప్యూటర్ పెట్టడం మానుకున్నామా? తాళం వేశాం. ఇంజిన్‌కూ పైకప్పు, కంచె, ఆదివారం తెరిచే తాళం అడుగుదాం.

పాలమూరు ప్యాసింజర్

మేడమ్, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటది? స్టేషన్ మాస్టరుకు బండ్లు చూసుకునుడే సరిపోతలేదు. మా దగ్గర ఒక స్టేషన్‌లో (పేరెందుకులెండి) ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్ తాళమే నెలల తరబడి తెరవలేదు. ముందు ఆ తాళం తెరవమని అడుగుదాం.

మోడరేటర్

చర్చ ఆపడం లేదు గానీ ఒక హెచ్చరిక. ఈ ఫోటోలు చూసి కొందరు పట్టాల మధ్య నిలబడి, వంతెన మీదికి ఎక్కి తీసిన ఫోటోలు ఇక్కడ పెడుతున్నారు. అవి తీసేశాం. రైల్వే చట్టం 1989 సెక్షన్ 147 కింద అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎలక్ట్రిక్ బండి చప్పుడు లేకుండా మీదికి వచ్చేస్తుంది, డీజిల్ రోజుల అలవాటుతో చెవుల మీద ఆధారపడకండి.

నాచ్ ఎనిమిది

మోడరేటర్ గారు చెప్పిన ఆఖరి వాక్యం వంద శాతం నిజం. మా డ్యూటీలో గ్యాంగ్‌మెన్ కూడా అదే అనేవారు.

టీచరమ్మ మాటకు కొంత మెత్తబడ్డాను. కానీ ఉత్తరం రాసేముందు ఏది అడగాలో తెలుసుకోండి. డబ్ల్యూడీఎం-2యే కావాలని పట్టుబడితే ఏమీ దొరక్కపోవచ్చు. డీజిల్ ఇంజిన్‌కు రైల్వే లెక్కలో 36 ఏళ్ళు ఆయుష్షు, కాబట్టి ఆ తరం చాలావరకు ఎప్పుడో కరిగిపోయింది. కాజీపేట, గుత్తి లాంటి షెడ్లలో కండెమ్ లైన్లో నిలబడిన 3ఏ గానీ డబ్ల్యూడీజీ-3ఏ గానీ అడగండి. నల్లగొండకు డబ్ల్యూడీజీయే న్యాయం, సిమెంటూ బియ్యమూ లాగింది అదే. డొల్ల ఇస్తామంటే వద్దనండి. కంట్రోల్ స్టాండ్, థ్రాటిల్ హ్యాండిల్, ఏ-9 (మొత్తం బండికి బ్రేక్ వేసే హ్యాండిల్), గేజీలు ఉండాలి. ఇంజిన్ బ్లాక్ లేకపోయినా సర్దుకోవచ్చు, క్యాబ్ ఖాళీగా ఉంటే అది రేకుల డబ్బా. రంగు ఆఖరిసారి షెడ్డులో వేసిందే ఉంచాలని రాతపూర్వకంగా అడగండి.

కరెంటు తీగ

సార్, క్యాబ్ ఉంటుందంటే నేను కూడా ఒకసారి వచ్చి కూర్చుంటా. సంతకం మాత్రం పెట్టను, ఆ డబ్బుకు ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడగాలన్నదే నా మాట.

వర్క్‌షాప్ లెక్క

ఆ డబ్బుకు బ్రిడ్జి రాదు తమ్ముడూ. స్క్రాప్ విలువ వదులుకోవడం, క్రేన్ ఖర్చు, కాంక్రీటు దిమ్మె, అంతే. రెండూ వేరు వేరు పద్దులు. దిమ్మె మాత్రం గట్టిగా ఉండాలి, ఆరు ఇరుసుల బరువు ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడుతుంది.

డామరచర్ల లూప్‌లైన్

సరే, డబ్ల్యూడీజీ-3ఏ అనే రాస్తాను. క్యాబ్ సామాను, పైకప్పు, రంగు షరతులు పెడతాను. ఉత్తరంతో పాటు నల్లగొండ, మిర్యాలగూడలో తీసిన డబ్ల్యూడీజీ ఫోటోలు జతచేస్తే అడిగేదానికి ఆధారం ఉంటుంది. నాచ్ ఎనిమిది సార్, రికార్డింగ్‌కు ఎప్పుడు రమ్మంటారో మెసేజ్ చేయండి, విష్ణుపురంలో లోడ్ లేపడం దగ్గరే మొదలుపెడదాం.

పాలమూరు ప్యాసింజర్

నల్లగొండ, మహబూబ్‌నగర్ వేరు వేరు రైల్వే డివిజన్ల కింద ఉన్నయ్. మీ ఉత్తరం మా ఊరికి పనికిరాదు. వైడీఎం-4 కోసం నేను వేరే రాస్తున్న. మీటర్ గేజ్ కాలంలో జడ్చర్ల, గద్వాల, కర్నూలు దిక్కు ఎవరి ఇంట్లనన్నా పాత ఆల్బమ్‌లో బండి ముందు దిగిన పెండ్లి ఫోటో ఉన్నా సరే, స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. వెనక నంబరు కనబడితే చాలు.