హైదరాబాద్ శివార్లలోని కుటుంబాలన్నింటినీ ఒకే మూసలో చూడవచ్చునా?

చర్చాంశం: శివారు కుటుంబమంటే ఐటీ ఉద్యోగులైన భార్యాభర్తలు, ఒకరో ఇద్దరో పిల్లలు, బ్యాంకు రుణంతో కొన్న ఫ్లాటు, ఒక కారు అనే అభిప్రాయం స్థిరపడింది. రోడ్లు, బస్సులు, బడుల ప్రణాళికకు దీనినే ఆధారంగా తీసుకోవడం సబబేనా?

మియాపూర్ వాసి: సబబే. 2001–2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా మూడు శాతం లోపే పెరగగా, అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగి సుమారు 53 లక్షలకు చేరింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పడమటి దిక్కున వచ్చిన ఉద్యోగాలు లేకపోతే ఇంత పెరుగుదల ఉండేదా?

ఉప్పల్ వాసి: మీరు చెప్పిన అంకెలు సరైనవేనండి, వాటి నుంచి తీసిన నిర్ణయంతోనే నాకు పేచీ. ఆనాటి రంగారెడ్డి జిల్లా నగరాన్ని చుట్టుముట్టి ఉండేది. అందులో గచ్చిబౌలితో పాటు ఉప్పల్, మల్కాజిగిరి, జీడిమెట్ల, చివరకు శివారు అనడానికి వీలులేని తాండూరు కూడా ఉన్నాయి. జీడిమెట్ల, నాచారం, చర్లపల్లి పారిశ్రామికవాడల కార్మికులు అద్దె గదుల్లో ఉంటూ అదే 48 శాతంలో కలిసిపోయారు. వారిని ఐటీ ఖాతాలో ఎలా వేస్తాం?

ఇంకొక చిక్కు ఉంది. ఒకే వంటగదిలో తినేవారిని జనగణన ఒక కుటుంబంగా లెక్కిస్తుంది. కాబట్టి పై అంతస్తులో కొడుకు, కోడలు, కింది ఫ్లాటులో తల్లిదండ్రులు వేర్వేరుగా వండుకుంటే, మనుమలను రోజంతా పెద్దవారే చూసుకుంటున్నా పట్టికలో రెండు చిన్న కుటుంబాలే కనిపిస్తాయి. అదే భవనంలో సెల్లారు గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబమూ లెక్కకు మరొక కుటుంబమే, కానీ మీరు చెప్పే శివారు జీవితంలో వారికి చోటే లేదు!

మియాపూర్ వాసి: అంగీకరిస్తాను, అయితే రోడ్లపై రద్దీ పెంచేది కార్లే కదా.

ఉప్పల్ వాసి: కార్లున్నవారి ఇళ్లకే ఉదయం వంటమనిషి, పనిమనిషి, సెక్యూరిటీ గార్డు రావాలి, వారు బస్సులోనో, షేర్ ఆటోలోనో, నడిచో వస్తారు. 2011 ఇళ్ల గణనలో సొంతమా అద్దెనా, గదులెన్ని, వివాహిత జంటలెన్ని, సైకిలా స్కూటరా కారా అని విడివిడిగా అడిగారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల ఆ వివరాలు పాతబడ్డాయి, నిజమే. కొత్త లెక్కలు వచ్చినప్పుడు జిల్లా సగటును పక్కనపెట్టి, వార్డుల వారీగా చూసి బస్సు మార్గాలు నిర్ణయించాలన్నదే నా వాదన.