బిజినెస్, డేటా సైన్స్ ఒకే డిగ్రీలో చదవడం మేలా?

విద్యార్థిని తండ్రి, అరండల్‌పేట, గుంటూరు:
మా అమ్మాయి ఇంటర్‌లో ఎంఈసీ పూర్తిచేసి, బిజినెస్ మేనేజ్‌మెంట్, డేటా సైన్స్ కలిపి చెప్పే డిగ్రీలో చేరతానంటోంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని బంధువులు వారిస్తున్నారు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

గణాంకశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ:
మీ బంధువుల మాటలో నిజం ఉందండీ. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్‌లకే మూడేళ్లు చాలవు. వాటికి అకౌంటింగ్, మార్కెటింగ్, ఫైనాన్స్ తోడైతే కోత పడేది గణితానికే. రిగ్రెషన్ (ఒక అంశాన్ని బట్టి మరొకటి ఎలా మారుతుందో అంచనా కట్టే గణాంక పద్ధతి) క్షణాల్లో చేసి చూపించి, ఆ ఫలితాన్ని ఎప్పుడు నమ్మకూడదో చెప్పలేని పిల్లలను ఏటా చూస్తున్నాను. ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. మద్రాసు ఐఐటీ డేటా సైన్స్ కోర్సును 2020లోనే ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. కళాశాలలో బీకాం చదువుతూ దానిలో చేరితే ఏదీ పలచబడదు.

మిర్చి వ్యాపారి, గుంటూరు:
మేడమ్ గారూ, మీ ఆందోళన సబబే గాని, విడివిడిగా చదివితే చాలునన్న మాట నేను ఒప్పుకోలేను. మా ధరల పట్టికలో మిర్చి యార్డుకు సెలవైన రోజున సున్నా ఉంటుంది. వ్యాపారం తెలియనివారు దాన్ని కూడా ధరగా లెక్కగట్టి సగటు తీస్తే, వేసవి సెలవుల్లో మిర్చి ధర కుప్పకూలినట్టే కనిపిస్తుంది. ఒకే రోజు అమ్ముడైన రెండు తేజ రకం మిర్చి లాట్లకు క్వింటాలు ధరలో పెద్ద తేడా రావచ్చు. తేమ ఎంత, రంగు ఎలా ఉంది, తాలు కాయలు ఎన్ని కలిశాయి, సరుకు కొత్తదా లేక కోల్డ్ స్టోరేజీలోంచి తీసినదా అన్నవి నమోదు కాకపోతే ఎంత గొప్ప మోడల్ అయినా ఆ తేడాను పట్టలేదు. ఏం నమోదు చేయాలో మాకు తెలుసు, దాన్ని లెక్కలోకి తేవడం రాదు. లెక్క వచ్చినవారికి ఏం అడగాలో తెలియదు. ఈ రెండూ ఒకే మనిషికి, చదువుకునే వయసులోనే అలవడాలన్నది నా గట్టి అభిప్రాయం.

గణాంకశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ:
సున్నాల విషయం తరగతిలో చెప్పదగ్గ పాఠమే. అయినా తేమ, తాలు సంగతులు ఒక సీజను యార్డులో తిరిగితే పట్టుబడతాయి. సంభావ్యత అలా పట్టుబడదు. అమ్మాయి నాన్నగారూ, చేరే ముందు సిలబస్ తెప్పించి చూడండి. మొదటి నాలుగు సెమిస్టర్లలో గణితం, గణాంకశాస్త్రం ఆగకుండా సాగుతూ, ప్రాజెక్టులకు నిజమైన సంస్థల లెక్కలు ఇస్తున్నట్లయితే నిశ్చింతగా చేర్పించండి. పైథాన్, ఎక్సెల్, పవర్ బీఐ వంటి సాఫ్ట్‌వేర్ పేర్లతోనే పేజీలు నిండి ఉంటే మాత్రం వద్దు.